బానెట్ మీద పసుపు

తిమ్మప్ప ముందు ఉంగరం తీశాడు, తర్వాత వాచీ. ప్యాంటు విప్పి కొక్కేనికి తగిలించి, లుంగీ కట్టుకుని, ముడి నడుము వెనక్కి తిప్పుకున్నాడు. గుండీలు గీత పెడతాయి కనుక చొక్కా కూడా తీసి బనియనుతో నిలబడ్డాడు. ఉంగరం, వాచీ ఖాళీ పాలిష్ డబ్బాలో వేసి మూత పెట్టాడు. హిందూపురంలో పెనుకొండ రోడ్డు మీదున్న గణేష్ పెయింటింగ్ షెడ్డులో పని మొదలుపెట్టే ముందు ఆయనకు రోజూ ఇదే వరస. కారు మీదికి వంగే మనిషి ఒంటి మీద గట్టి వస్తువు ఉండకూడదు.

రాత్రంతా బకెట్టులో నానిన వాటర్ పేపర్లను, అంటే రంగు రుద్దే గరుకు కాగితాలను, ఒక్కొక్కటే తీసి అంచున ఆరేశాడు. పక్కనున్న మగ్గులో చెయ్యి పెట్టి అడుగు నుంచి చెప్పుముక్క తీశాడు. అది హవాయి చెప్పు మడమ. పైన తెలుపు, కింద నీలం, అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. దాని చుట్టూ కాగితం చుట్టి రుద్దుతాడు. ఈ పనికోసం కంపెనీవాళ్ళు అమ్మే దిమ్మెలు షెడ్డు యజమాని గణేష్ కొనిచ్చాడు కానీ, అవి బానెట్ వంపు తిరిగిన చోట వంగవు. చెప్పు వంగుతుంది. కూతురు రంజిత పెళ్ళికి ముందు ఏడాది తిమ్మప్ప ఒక కొత్త జత కొని, కాలు పెట్టకుండానే కుడి చెప్పు మడమ కోశాడు. భార్య నీలావతి చూసి, నవ్వలేక కూర్చుండిపోయింది. ఎడమ చెప్పు పెనుకొండలో ఇంటి అటక మీద ఉంది. ఇది అరిగిపోతే దాని వంతు.

ఇది అంత తొందరగా అరగలేదు. వేళ్ళు పట్టే చోట గుంటలు పడ్డాయి, బొటనవేలి కింద పడిన గుంట అన్నిటికన్నా లోతు. ఒకసారి గణేష్ దాన్ని పట్టుకుని చూశాడు. వేళ్ళు కుదరలేదు.

ఆయుధపూజ నాడు షెడ్డులోని సామాన్లన్నిటినీ బల్ల మీద వరసగా పేర్చారు. కంప్రెసర్‌కూ, స్ప్రే గన్నులకూ, పాలిష్ మిషన్‌కూ, చివరికి స్టూలుకూ బొట్లు పెట్టారు. చెప్పుముక్కను మాత్రం తిమ్మప్పే తీసి బల్లకింద మగ్గులో వేశాడు. చెప్పుకు పసుపు కుంకుమ పెట్టరు. అందులో ఆయనకు వింతేమీ తోచలేదు.

ఇప్పుడు షెడ్డు ముందుకు వచ్చి ఆగిన ఎర్రకారు కూడా ఆ ఆయుధపూజ తెచ్చిన పనే.

కారు వెంకటరమణది. ఆయనకు బజారులో చింతపండు మండీ ఉంది. దసరాకు ముందు ఆ కారు బానెట్‌కు గణేష్ కొత్తగా రంగు కొట్టి, పైన క్లియర్ వేసి ఇచ్చాడు. క్లియర్ అంటే నీళ్ళలా కనబడే చివరి పూత. మెరుపంతా దానిదే. పైకి ఎండినట్టున్నా లోపల పచ్చి ఆరడానికి చాలా రోజులు పడుతుంది, అందాకా తడిగా ఏది పడినా పీల్చుకుంటుంది. పండగ రోజు వెంకటరమణ తల్లి నాగరత్నమ్మ పసుపు తడిపి, బానెట్ నడిమధ్యన అరచేయంత గుండ్రంగా పూసి, దాని మీద కుంకుమ పెట్టింది. పండగ అయ్యేదాకా కారు ఎండలోనే ఉంది. తుడిచి చూస్తే పైన పసుపు లేదు, లోపల ఉంది. ఎర్రరంగు మీద నారింజ మరక. దగ్గరగా చూస్తే ఆమె వేలి గీతలు కూడా కనబడతాయి.

కారు వెనకాలే ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి నాగరత్నమ్మ దిగింది. చేతిలో గుడ్డసంచి.

"అమ్మ కార్లో రాలేదా సావుకారూ?" అన్నాడు తిమ్మప్ప.

"ఆ మరక ఉన్నంతవరకు కారెక్కదంట," అన్నాడు వెంకటరమణ గొంతు తగ్గించి. "ఆపొద్దు నేను రవ్వంత గట్టిగా అరిచినా. అప్పట్నుంచి నాతో మాటల్లేవు. రేపు పొద్దున సాయిసుధ పెండ్లి చీరలకు ధర్మవరం పోవల్ల. అవ్వ రాకుంటే నేనూ రానంటాది నా కూతురు. సాయంత్రానికి చేసియ్యన్నా, నీకు పుణ్యముంటాది."

"చూస్తాం," అన్నాడు తిమ్మప్ప.

వెంకటరమణ అదే ఆటో ఎక్కి మండీకి వెళ్ళిపోయాడు. నాగరత్నమ్మ పోలేదు. గణేష్ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేస్తే, దాన్ని కారుకు ఎదురుగా జరుపుకుని కూర్చుంది.

"తిమ్మప్ప అంటే నువ్వేనా?"

"నేనేమ్మా."

"పోతాదా ఇది?"

"చూస్తామమ్మా."

"డాక్టర్ల మాదిరి మాట్లాడద్దప్పా. పోతాదా, పోదా?"

తిమ్మప్ప మరక మీద నీళ్ళు పోసి, అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని మెల్లగా లాగాడు. మరక ఉన్న చోట క్లియర్ రవ్వంత ఉబ్బింది. చుట్టూ సన్నని అంచు తగిలింది.

"మరక ఎంత లోతుకు దిగిందో, క్లియర్ ఎంత మందం ఉండాదో చూడల్లమ్మా. క్లియర్ మందంగా ఉంటే మరక పోతాది, మీరు రేపు కారెక్కి ధర్మవరం పోతారు. మరక అడుగుదాకా పోయుంటే రుద్దేకొద్దీ రంగే తెగుతాది. అప్పుడు బానెట్ అంతా మళ్ళా కొట్టల్ల. రేపటికి కాదు."

నాగరత్నమ్మ తల ఊపింది. సూటిగా చెప్పే మనిషి దొరికినందుకు ఆమెకు ఊరటగానే ఉంది. అంతలో ఆయన చేతివైపు చూసింది.

"అదేంది చేతిలో? చెప్పా?"

"చెప్పు ముక్కమ్మా."

"నేను బొట్టు పెట్టిన తావున చెప్పుతో రుద్దుతావా?"

"కాలు పెట్టిన చెప్పు కాదమ్మా. అంగట్లోనుంచి తెస్తానే కోసినా."

"అంగట్లో ఉన్నా చెప్పు చెప్పే కదప్పా."

"కాలు పెడితేనే చెప్పయ్యేది. అందాకా రబ్బరే."

నాగరత్నమ్మ ఆ మాటను కొంతసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. "నిన్ను మా మండీలో కూర్చోబెట్టింటే బాగుండు," అంది చివరికి. "బేరానికి వచ్చినోడు నోరెత్తకుండా పోయుండు."

కంప్రెసర్ దగ్గర గణేష్ నవ్వాడు.

తిమ్మప్ప రుద్దడం మొదలుపెట్టాడు. ఎడమచేత్తో మగ్గు వంచి నీళ్ళు పోస్తూ, కుడిచేత్తో ముక్కను నిలువుగా లాగాడు. గుండ్రంగా ఎప్పుడూ తిప్పడు. బలం వేళ్ళ మీద వేయడు, అరచేతి మీదే వేస్తాడు. కాగితం కింద నీళ్ళు తెల్లగా మారాయి.

"పాలు కారినట్టు కారుతాండాదే?" అంది నాగరత్నమ్మ.

"అది క్లియరమ్మా. నీళ్ళు తెల్లగా దిగినంతసేపు భయం లేదు. ఎర్రగా దిగితే రంగు తెగిందని."

అప్పటినుంచి ఆమె మరకను చూడటం మానేసి నీళ్ళను చూడసాగింది.

తిమ్మప్ప ఆ నీళ్ళను చూస్తూనే వయసంతా గడిపాడు. రొద్దం దగ్గర వాళ్ళకు చెనిక్కాయ పండే చేను ఉండేది. నాయన వేయించిన బోరు ఒక ఎండాకాలం గాలి కక్కింది. మరుసటి ఏడు తిమ్మప్ప హిందూపురం వచ్చి లారీ బాడీలు కట్టే షెడ్డులో చేరాడు. లారీ తలుపుల మీద పుట్టీ అరగదీసే పని ఇచ్చారు. మిగతావాళ్ళు ఆ పని తప్పించుకుని రంగు గన్ను పట్టుకోవాలని చూసేవాళ్ళు. తిమ్మప్ప చూడలేదు. గన్ను పట్టినవాడు రంగు వేసి వెళ్ళిపోతాడు. అరగదీసేవాడి చేతి కింద ఒక గరుకు వస్తువు నున్నగా మారుతుంది. అది మారే క్షణం వేళ్ళకు తెలుస్తుంది. ఆ పని ఆయనకు నచ్చింది. లారీలనుంచి కార్లకు వచ్చాడు, గణేష్ నాయన దగ్గర చేరాడు, ఆయన పోయాక గణేష్ దగ్గర ఉండిపోయాడు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చినప్పుడు, పోతావా అని గణేష్ అడిగాడు. ఆడ మిషన్లే రంగు కొడతాయంట, నాకేం పని, అన్నాడు తిమ్మప్ప. రోజూ పొద్దున రైల్లో హిందూపురం, సాయంత్రం రైల్లో పెనుకొండ. ఆ రాకపోకలు ఆయనకు ఎప్పుడూ భారం కాలేదు.

"బొట్టు పెట్టద్దని నాకెవరు చెప్పినారు?" అంది నాగరత్నమ్మ ఉన్నట్టుండి, నీళ్ళతో మాట్లాడుతున్నట్టు. "కొత్తగా రంగేసుకొచ్చిన బండికి బొట్టు పెట్టకుంటే ఊరుకుంటారా? పెడితే తప్పంట. 'నీకేం తెల్దు, ముట్టుకోవద్దు' అని నలుగుర్లో అనె. వానికి నడిచేది నేర్పింది నేను."

తిమ్మప్ప చెయ్యి ఆపకుండానే అన్నాడు: "నేను సావుకారికి చెప్పినానమ్మా, కారు ఇచ్చేటప్పుడు. బొట్టు అద్దానికి పెట్టించండి, రంగు మీద వద్దని. ఈ షెడ్డునుంచి పోయే ప్రతి బండికీ చెప్తా."

"వానికి చెప్పినావా?"

"చెప్పినా."

నాగరత్నమ్మ కుర్చీలో వెనక్కి జరిగి, కాళ్ళు చాపుకుని సుఖంగా కూర్చుంది. గణేష్ టీ తెప్పిస్తే తాగింది. ఇంట్లోనుంచి బయలుదేరినప్పటినుంచి ఆమె ఏదైనా నోట్లో వేసుకోవడం అదే మొదలు.

మధ్యాహ్నానికి మరక సగం పలచబడింది. వేలి గీతలు పోయాయి. తిమ్మప్ప చేతులు కడుక్కుని టిఫిన్ క్యారియర్ విప్పాడు. రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి. నాగరత్నమ్మకు మండీనుంచి భోజనం వచ్చింది. రెండో ముద్ద తింటుండగా తిమ్మప్పకు నీలావతి ఫోన్ చేసింది.

"తింటివా?"

"తింటాండా."

"ఈపొద్దన్నా పెనుకొండలో దిగుతావా, ధర్మవరం పోతావా?"

"దిగుతాలే."

పోయిన నెలలో ఒకరోజు తిమ్మప్ప రైల్లో నిద్రపోయి ధర్మవరం చేరాడు. లేచి చూస్తే ప్లాట్‌ఫాం కొత్తగా ఉంది. తిరుగు రైలు పట్టుకుని ఇల్లు చేరేసరికి నీలావతి గుమ్మంలో నిలబడి, పట్టుచీర తెచ్చినావా అని అడిగింది. ఆ మాట వీధి మొత్తానికి తెలిసింది. అప్పటినుంచి ఆయన కనబడితే చీర ఏది అంటారు. ఎడమ భుజం లాగుతోందని ఆయన నీలావతితో అన్నది కూడా ఆ రోజే. మగ్గు మోసే చెయ్యి కదా, లాగక ఏం చేస్తాదిలే అని తనే అనేశాడు.

భోజనమయ్యాక కాగితం మార్చాడు. ఇది సన్నది. సన్న కాగితం జారడానికి బకెట్టు నీళ్ళలో బట్టల సబ్బు కలుపుతాడు. కలిపి, మరక మీద పోసి, అటూ ఇటూ కొన్నిసార్లు లాగాడు.

నీళ్ళు ఎర్రగా దిగాయి.

తిమ్మప్ప చెయ్యి ఆగింది. నురగ అంచున ఎరుపు సన్నగా సాగి, బానెట్ వాలు వెంబడి కింది అంచుకు జారి, నేల మీద పడింది. ఆయన ముక్కను ఎత్తి కాగితం వైపు చూశాడు. కాగితానికీ ఎరుపు అంటింది. వేళ్ళు మాత్రం క్లియర్ ఇంకా ఉందనే చెబుతున్నాయి. కళ్ళు లేదంటున్నాయి. ఇన్నేళ్ళలో ఈ రెండూ ఎప్పుడూ వేరుగా చెప్పలేదు.

గణేష్ దగ్గరికి వచ్చాడు. "తెగిందా అన్నా?"

తిమ్మప్ప ముక్కను బానెట్ మీద ఆనించబోయి వెనక్కి తీశాడు. ఇంకొక్కసారి లాగితే తెలుస్తుంది. తెగకుండా ఉంటే ఆ లాగుడుతో తెగొచ్చు కూడా. నాగరత్నమ్మ కుర్చీలోంచి లేచింది. ఆమె చూపు నీళ్ళ మీదే ఉంది. రేపు ఖాళీగా ఉండబోయే తన సీటు ఆమెకు అక్కడే కనబడింది.

"పొద్దున తెల్లగా దిగె కదప్పా," అంది. "ఇప్పుడేం మార్చినావు?"

"కాగితం మార్చినా."

"నీళ్ళు?"

"నీళ్ళలో సబ్బు కలిపినా."

"సబ్బా?" నాగరత్నమ్మ ముందుకు వచ్చి బానెట్ మీదికి వంగింది. "పసుపు మీద సబ్బు పడితే ఎర్రగాక ఇంకేమైతాది? మీ ఆడోళ్ళు గుడ్డలుతికేది ఎప్పుడూ చూళ్ళేదా మీరు?"

తిమ్మప్ప, గణేష్ ఒకరినొకరు చూసుకున్నారు.

ఆమె గుడ్డసంచిలో చెయ్యి పెట్టి ఒక నిమ్మకాయ తీసింది. బండి బయలుదేరేటప్పుడు చక్రాల కింద పెట్టడానికి తెచ్చినవి. మాస్కింగ్ కాగితం కోసే బ్లేడుతో గణేష్ దాన్ని రెండు ముక్కలు చేశాడు. ఆమె ఒక ముక్కను ఆ ఎర్రనీళ్ళ మీద పిండింది. రసం పడిన చోట ఎరుపు విరిగింది. చుట్టూ పాకుతూ పోయి, చూస్తుండగానే పసుపుపచ్చగా మారింది.

"ఇది నీ రంగు కాదప్పా, నా పసుపు," అంది నాగరత్నమ్మ. "నీ రంగైతే నిమ్మకాయకు మారుతాదా?"

గణేష్ గట్టిగా ఊపిరి వదిలాడు. "పులిహోర కలిపినట్టుండాది," అన్నాడు.

"ఇంగువ ఒకటే తక్కువ," అంది ఆమె.

తిమ్మప్ప నవ్వాడు. నవ్వుతూనే బానెట్ కడిగి, అరచేయి మళ్ళీ ఆనించాడు. వేళ్ళు చెప్పిందే నిజం. ఆ సంగతికి ఆయనకు కలిగిన సంతోషం మరక పోయినందుకు కలగబోయే దానికన్నా ఎక్కువ. బకెట్టులో సబ్బునీళ్ళు పారబోసి, మంచినీళ్ళు పట్టుకుని మళ్ళీ వంగాడు. నీళ్ళు తెల్లగా దిగాయి. ఎండ షెడ్డు వెనక్కి తిరిగేసరికి మరక లేదు. బానెట్ నడుమ మసక మాత్రం మిగిలింది, అద్దం మీద ఊపిరి వదిలినట్టు.

ఆ తర్వాతది మిషన్ పని. బొచ్చు చక్రం తొడిగి, పాలిష్ చుక్కలు పెట్టి, మిషన్‌ను బానెట్ మీద మెల్లగా నడిపాడు. వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకున్నాడు, అది కూడా రంగుకు తగలకూడదు. ఒకచోట నిలపడు. నిలిపితే వేడికి క్లియర్ కాలుతుంది. మసక అంచులనుంచి తగ్గుతూ వచ్చి మధ్యలో పోయింది. మెత్తటి గుడ్డతో తుడిచి, పైనున్న ట్యూబులైటు వేశాడు. రోజులో ఆయన ఎదురుచూసే పని ఇదొకటే. రంగు కొట్టిన కొత్తలో క్లియర్ మీద నిమ్మతొక్కలా సన్న గుంటలుంటాయి, లైటు నీడ వంకరలు పోతుంది. ఇప్పుడు బానెట్‌లో ట్యూబులైటు గీత గీసినట్టు పడింది. తిమ్మప్ప తల పక్కకు వంచి, ఈ చివరనుంచి ఆ చివరికి దాన్ని చూశాడు. ఎక్కడా వంకర లేదు.

నాగరత్నమ్మ వచ్చి బానెట్‌లో ముఖం చూసుకుని ముక్కుపుడక సర్దుకుంది.

వెంకటరమణ వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, మరక ఎక్కడుండేదో వెతికి, దొరక్క నవ్వాడు. తల్లి ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

"రమణా, కారిచ్చేటప్పుడు ఈయప్ప నీకేం చెప్పినాడు?"

వెంకటరమణ మెడ గోక్కున్నాడు.

"బొట్టు యాడ పెట్టల్లని చెప్పినాడు?"

"అద్దానికి," అన్నాడు వెంకటరమణ. తర్వాత, "మర్చిపోయినామ్మా," అన్నాడు.

"ఊఁ," అంది నాగరత్నమ్మ. "నలుగుర్లో అంటివి. రేపు ధర్మవరంలో నలుగుర్లో ఈ మాట చెప్తావు, సాయిసుధ ముందర."

"చెప్తాలేమ్మా."

"నిమ్మకాయలు పెట్టు."

సంచిలో మూడే ఉన్నాయి. నాలుగో చక్రం కింద పిండకుండా మిగిలిన అరచెక్క పెట్టారు. నాగరత్నమ్మ సంచిలోంచి పసుపు కుంకుమల భరిణె తీసింది.

"అమ్మా!" అన్నాడు వెంకటరమణ.

ఆమె కొడుకువైపు చూడనైనా చూడలేదు. ముందద్దం మూలన చిన్న బొట్టు పెట్టి, కారు పక్కనుంచి నడుచుకుంటూ షెడ్డులోకి వచ్చింది.

"నీ ముక్క యాడుండాది తిమ్మప్పా?"

"దానికెందుకమ్మా? చెప్పు..."

"కాలు పెట్టందాకా రబ్బరే అంటివి గదా."

తిమ్మప్ప ముక్కను కడిగి, లుంగీకి తుడిచి, రెండు చేతుల్లో పట్టుకుని చూపాడు. ఆమె అరచేతిలో పసుపు తడిపి దాని మీద పూసింది. కుంకుమ ఎక్కడ పెట్టాలా అని చూసి, బొటనవేలి గుంటలో పెట్టింది.

"పెండ్లికి రావల్ల," అంది. "భార్యను పిల్చుకుని."

"వస్తామమ్మా."

ఆమె ముందు సీట్లో కూర్చుంది. నిమ్మకాయలు చితికాయి, కారు రోడ్డెక్కింది.

తిమ్మప్ప కాగితాలు కడిగి బకెట్టులో వేశాడు. ముక్కను మగ్గులో వేయబోయి ఆగాడు. నీళ్ళలో వేస్తే రాత్రికే బొట్టు పోతుంది. ఒక్క పూట నానకపోతే ఏమీ కాదు, పొద్దున వేసుకోవచ్చు. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టాడు. ప్యాంటు, చొక్కా వేసుకున్నాడు, ఉంగరం పెట్టుకున్నాడు, వాచీ కట్టుకున్నాడు.

"పోయొస్తా గణేషా."

"ధర్మవరం పోకన్నా," అన్నాడు గణేష్.

స్టేషను వంతెన మెట్ల మీద తిమ్మప్ప మధ్యలో ఒకసారి ఆగి ఎడమ భుజం పట్టుకున్నాడు. తర్వాత మిగతావి ఎక్కాడు. రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. పెనుకొండ వస్తే లేపమని రోజూ పక్కనున్నవాళ్ళకు చెబుతాడు. ఆ రోజు పక్కన కూర్చున్నామె ఒళ్ళో పసిపాప నిద్రపోతోంది. ఆమెను కదిలించడం ఎందుకని చెప్పలేదు. నిద్ర రాదనుకున్నాడు. చెప్పవలసిన ముచ్చట ఉంది. నిమ్మకాయ సంగతి ఎక్కడనుంచి మొదలుపెడితే నీలావతి ఎక్కువ నవ్వుతుందో ఆలోచిస్తూ, తల కిటికీ ఊచలకు ఆనించాడు. చల్లగాలి తగిలింది.

పెనుకొండలో రైలు ఆగింది, కదిలింది. ఆయన దిగలేదు. కొంతసేపటికి జేబులో ఫోను మోగి ఆగింది. పెనుకొండలో నీలావతి ఫోను పక్కన పెట్టి, "మల్లా ధర్మవరమే," అనుకుని, సంగటి మీద మూత పెట్టింది. ఈసారి ఏమని వెక్కిరించాలో ఆలోచిస్తూ గుమ్మంలో కూర్చుంది.

ధర్మవరంలో రైలుపెట్టె ఊడ్చే మనిషి వచ్చి తిమ్మప్ప భుజం తట్టాడు. మళ్ళీ తట్టాడు. తర్వాత చీపురు కింద పెట్టి ఎవరినో పిలవడానికి పోయాడు. తిమ్మప్ప చేతులు ఒళ్ళో అరచేతులు పైకి ఉన్నాయి. వేళ్ళ కొసలు నీళ్ళలో నానిన ముడతలతో తెల్లగా ఉన్నాయి.

మర్నాడు పొద్దున, ఇంకా ఏమీ తెలియని నాగరత్నమ్మ మనవరాలిని పక్కన పెట్టుకుని ఎర్రకారులో ధర్మవరం వెళ్ళింది. రాత్రే కబురందిన గణేష్ షెడ్డు తలుపు సగం మాత్రమే తీసి లోపలికి వచ్చాడు. బకెట్టులో కాగితాలు నానుతున్నాయి. మగ్గులో నీళ్ళు మాత్రమే ఉన్నాయి. కిటికీ గట్టు మీద చెప్పుముక్క రాత్రంతా ఆరి, వేళ్ళ గుంటలు పైకి పెట్టుకుని ఉంది. పసుపు రబ్బరులోకి ఇంకిపోయింది. కుంకుమ బొటనవేలి గుంటలో చెదరకుండా ఉంది.